మాలిక్ మేస్త్రి ఉప్పునీళ్ల తొట్టె, సర్దార్‌బీ దూది

పాతగుంటూరులో మా సందులో మాలిక్ మేస్త్రి మాట వినని శాల్తీలు రెండే రెండు. ఒకటి అతను పనిచేసే కోల్డ్ స్టోరేజీలోని పెద్ద కంప్రెసరు, రెండోది అతని అక్క సర్దార్‌బీ. కంప్రెసరుని ఎలాగోలా దారికి తెచ్చుకున్నాడు. అక్కని మాత్రం ఈ యాభై రెండేళ్లలో ఒక్కరోజు కూడా తెచ్చుకోలేకపోయాడు.

ఊరి బయట హైవే పక్కన మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీల్లో ఒకదానికి మాలిక్ ముప్పై ఏళ్లుగా మిషన్ మేస్త్రి. ఎండాకాలం బయట తారు కరుగుతుంటే, లోపల వేల బస్తాల కాయ చలిలో ముడుచుకుని పడుంటుంది. ఆ చలి అతని చేతిలో ఉంది. కాస్త అటూ ఇటూ అయితే కాయ రంగు పోతుంది, రంగు పోతే రైతు గొల్లుమంటాడు. అలాంటి పనిలో తల పండినవాడు కాబట్టి ఎవరు ఏం చెప్పబోయినా "నాకు తెలుసులే" అనేవాడు. వైద్యుడికీ అదే చెప్పేవాడు, వంటమనిషికీ అదే చెప్పేవాడు.

వాళ్ల నాన్న భుజాన దూది ఏకే విల్లు వేసుకుని ఊళ్లమ్మట తిరిగి పరుపులు కుట్టిన మనిషి. పోతూ పోతూ ఇల్లు రెండు ముక్కలు చేశాడు. ముందు వసారా, వీధిగది సర్దార్‌బీకి. వెనక రెండు గదులు మాలిక్‌కి. మొగుడు పోయి ఇరవై ఆరేళ్లకే పుట్టింటికొచ్చిన సర్దార్‌బీ తండ్రి పని అందుకుంది. విల్లు పోయి మోటారు మిషను వచ్చింది, అంతే తేడా. పత్తి తెచ్చి, ఏకి, పరుపులూ దిండ్లూ కుడుతుంది. పసిపిల్లలకు మెత్తటి చిన్న పరుపు కావాలంటే మా వైపు పది సందుల వాళ్లూ ఆమె దగ్గరికే వస్తారు. చిక్కల్లా ఒక్కటే. మాలిక్ వీధిలోకి రావాలంటే అక్క వసారాలోంచే రావాలి. వెనక ఇంకొకళ్ల గోడ.

అయిదేళ్ల కిందట ఆ వసారాకి మాలిక్ ఇనప గేటు పెట్టించాడు, దొంగల భయమని. ఆరడుగుల పరుపు ఆ గేట్లోంచి బయటికి పట్టలేదు. సర్దార్‌బీ ఏం చేసింది? తమ్ముడు డ్యూటీకి వెళ్లేదాకా ఆగి, గేటు ఊడబీకించి, పాత ఇనుము కొనేవాడికి వేసి, వచ్చినదానితో జిలేబీలు తెప్పించి సందంతా పంచింది. మాలిక్ ఇంటికొచ్చేసరికి పక్కింటి పిల్లలు అతని గేటుని తింటున్నారు. ఆ రోజు నుంచి అక్కాతమ్ముళ్లకి ముఖాముఖి మాటల్లేవు. అంటే మాట్లాడుకోరని కాదు. రోజుకి వంద మాట్లాడుకుంటారు. మధ్యలో మాలిక్ భార్య సిద్దికా ఉండాలి.

"సిద్దికా, పొద్దున్నే ఆ మిషను మెల్లగా తిప్పమని చెప్పు ఆవిడకి."

"వదినా..."

"వినపడిందిలేవే. మెల్లగా తిరగడం మిషనుకి రాదని చెప్పు. మెల్లగా మాట్లాడటం మీ ఆయనకి రానట్టే."

పాపం సిద్దికా. ఆమెకి కూరలో ఉప్పు చూసుకునే తీరిక కూడా ఉండేది కాదు.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో మాలిక్‌కి దవడ పన్ను పుచ్చింది. బుగ్గ బూరెలా పొంగితే బ్రాడీపేటలో కరుణాకర్ గారనే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. అక్కడ రోగులు కూర్చునే గదిలో, గోడ వారన, మూడడుగుల గాజు తొట్టె. నీలం వెలుతురు. లోపల రాళ్లు, రాళ్ల మీద ఊదారంగు పగడాలు, మధ్యలో ఒక సముద్రపు పువ్వు. పేరుకి పువ్వు గానీ అదీ ఒక ప్రాణే. వంద వేళ్లున్న అరచెయ్యి నీళ్లలో ఊగుతున్నట్టు ఉంటుంది. ఆ వేళ్లు తగిలితే వేరే చేపల ఒళ్లు కాలిపోతుందట. తెల్లచారల నారింజ చేపలు రెండు మాత్రం వాటి మధ్యలోనే దూరి, పరుపు మీద దొర్లినట్టు దొర్లుతున్నాయి.

మాలిక్ బుగ్గ పట్టుకుని దాని ముందు కూర్చున్నాడు. నర్సు భానుశ్రీ మూడుసార్లు పేరు పిలిచింది.

"ఏంటి బాబాయ్ గారూ, నొప్పి తగ్గిపోయిందా? ఇంటికెళ్లిపోతారా?"

"ఆగమ్మా. చిన్నది ఇప్పుడే లోపలికి దూరింది. బయటికి రానీ."

పన్ను పీకించుకున్నాక కూడా నోట్లో దూది పెట్టుకుని ఇంకో గంట కూర్చున్నాడట. తర్వాత పని లేకపోయినా వెళ్లి కూర్చునేవాడు. అరిచే మనుషులూ, మోగే మిషన్లూ, దగ్గించే మిరప ఘాటూ తప్ప ఇంకోటి ఎరగని మనిషికి, చప్పుడు లేకుండా ఏదైనా బతుకుతుందని అప్పుడే తెలిసిందేమో మరి. ఏప్రిల్‌లో ఆ డాక్టరు క్లినిక్ మూసేసి ఒంగోలులో ఏదో ఆసుపత్రిలో చేరిపోతున్నాడని, తొట్టె అమ్మేస్తున్నాడని విన్నాడు. ఆ మర్నాడే ట్రాలీ ఆటో మాట్లాడాడు.

తొట్టె మా సందులోకి వచ్చిన పొద్దున నేనూ చూశాను. నలుగురు మనుషులు మోసుకుంటూ వసారా ముందు ఆగారు. లోపల సర్దార్‌బీ పరుపు పరుచుకుని కుడుతోంది. లేవలేదు. కుట్టు ఆపలేదు.

"ఏందే సిద్దికా ఇది? శవపేటికా?"

"చేపల తొట్టె వదినా."

"చేపల్ని తినేదానికి తెచ్చుకుంటారు. మీ ఆయన చూసేదానికి తెచ్చుకున్నాడా! మనిషి మొహం చూడలేనోడు చేప మొహం చూస్తాడంట."

"ఆవిణ్ణి జరగమని చెప్పవే! చేతులు పడిపోతున్నై వాళ్లకి!" మాలిక్ వీధిలోంచి అరిచాడు.

"ఈ వరస కుట్టు అయిపోయాక జరుగుతా. దారం మధ్యలో తెంపితే పరుపు నిలవదని చెప్పు."

ఆ వరస కుట్టడానికి ఆమెకి మామూలుగా పట్టేదానికి మూడింతలు పట్టింది. నలుగురూ ఎండలో గాజు మోస్తూ నిలబడ్డారు. మాలిక్ మొహం పండు మిరపకాయలా అయింది.

తొట్టె లోపల అమర్చడానికి భానుశ్రీ వచ్చింది. మూడేళ్లు క్లినిక్‌లో దాన్ని సాకింది ఆ పిల్లే. రాళ్లను తడి న్యూస్ పేపర్లలో చుట్టి, పువ్వునీ చేపల్నీ మూత ఉన్న బకెట్లలో పెట్టి తెచ్చింది. బోరు నీళ్లు పనికిరావంది. వాటర్ ప్లాంటు నుంచి టిన్నులు తెప్పించి, ప్యాకెట్లో వచ్చే ఉప్పు అందులో కొలిచి కలిపింది.

"చినగంజాం ఉప్పు చాలదా అమ్మా? అదీ సముద్రం ఉప్పేగా," అంది సిద్దికా.

"కూరకి చాలుద్ది ఆంటీ. వీటికి కాదు."

రాళ్లు ఒకదాని మీద ఒకటి కదలకుండా పేర్చింది. నీళ్లు పోసింది. అలలా తోసే చిన్న మోటార్లు పెట్టింది. తొట్టె వెనక ఒక సన్నటి అర ఉంది, నీళ్లు అందులోకి పోయి వడకట్టుకుని మళ్లీ ముందుకొస్తాయి. మొదటి రోజు అంతా బియ్యం కడిగిన నీళ్లలా ఉండి, మూడో రోజుకి తేరుకుంది. అప్పుడు పువ్వుని వదిలితే, అది పాకి పాకి తనకి నచ్చిన రాయి చూసుకుని అతుక్కుంది. మాలిక్ దాని ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, అన్నం కంచం అక్కడికే తెప్పించుకుని.

"కారం చేత్తో ముట్టుకోకండి. సబ్బు చేత్తో అసలే వద్దు," అంది భానుశ్రీ. "ఇంకోటి బాబాయ్ గారూ. క్లినిక్‌లో పొద్దస్తమానం ఏసీ ఉండేది. మీ ఇంట్లో నీళ్లు వేడెక్కుతాయి. ఇలాంటి తొట్లకని చల్లబెట్టే మిషన్లు వేరే వస్తాయి, ఒకటి కొనండి."

"చల్లబెట్టడం గురించి నాకు చెప్తున్నావా అమ్మా?" మాలిక్ నవ్వాడు. "నాకు తెలుసులే."

మే నెల మొదటి వారానికే మధ్యాహ్నం నీళ్లు గోరువెచ్చన అయ్యాయి. పువ్వు వాడింది. మాలిక్ సెలవు పెట్టి, పాత సామాన్ల కొట్లో ఆఫీసుల్లో పెట్టే వాటర్ కూలరు ఒకటి పట్టాడు. దాన్ని విప్పి, లోపలున్న రాగి గొట్టాన్ని చుట్టలు చుట్టలుగా వంచాడు. పాతది కదా, నల్లబడి ఉంది. మురికి గొట్టం తన నీళ్లలో పెడతాడా? సిద్దికా దగ్గర చింతపండు అడిగి తీసుకుని, మధ్యాహ్నమంతా కూర్చుని తోమాడు. పెళ్లికి తోమిన బిందెలా తళతళలాడింది. దాన్ని తొట్టె వెనక అరలో ముంచి, కంప్రెసరు పెరట్లో పెట్టి, స్విచ్ వేశాడు. రెండు గంటల్లో నీళ్లు క్లినిక్‌లో ఉన్నంత చల్లబడ్డాయి. పువ్వు వేళ్లన్నీ విప్పుకుంది.

సందంతా చూడటానికి వచ్చింది. సందు మొగలో టీకొట్టు నడిపే బుల్లయ్య గారు వచ్చి, భూతద్దం పెట్టి చూసినట్టు వంగి చూశాడు.

"మన ఇళ్లల్లో మనుషులకి లేని కూలింగు చేపలకి పెట్టావు కదయ్యా!"

"రాగి, బుల్లయ్య గారూ. చలిని మోయాలంటే రాగిని మించింది లేదు. తుప్పు పట్టదు, చెడదు. మన పెద్దాళ్లు రాగి చెంబులో నీళ్లు ఊరికే తాగారా?"

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. అబద్ధమెందుకు?

అయిదో రోజున నత్తలు చచ్చాయి. అద్దం మీద పాచి తింటూ తిరిగే చిన్న నత్తలు అవి. అన్నీ కింద ఇసకలో వెల్లకిలా పడి ఉన్నాయి. ఆరో రోజున ఎర్రచారల రొయ్య. తర్వాత పగడాలు మూతులు ముడుచుకున్నాయి. పువ్వు పిడికిలంత అయి, రాయిని వదిలేసి ఓ మూలకి దొర్లింది. చేపలు రెండూ ఏమీ కానట్టే తిరుగుతున్నాయి, కాకపోతే ఎక్కడ పడుకోవాలో తెలియక అద్దానికి కొట్టుకుంటున్నాయి.

మాలిక్‌కి అన్నం సయించలేదు. నీళ్లు మార్చాడు, లైటు తగ్గించాడు. నీళ్ల పైన చూస్తే సన్నటి తెల్లటి నూగు తేలుతోంది. వేలితో తీశాడు. దూది.

ఇంక చూడాలి. అక్క మిషను తిరిగితే గాలికి దూది లోపలికి వస్తుంది, ఎప్పట్నుంచో వస్తున్నదే. కానీ మా వైపు పత్తి అంటే ఏంటో అందరికీ తెలుసు. గులాబీ పురుగుకి ఒకసారి, తెల్లదోమకి ఒకసారి, అమ్మిన షాపువాడు చెప్పినందుకు ఒకసారి మందు కొడతారు. చేలో పనిచేసి వచ్చినవాళ్లు తల తిరిగి పడిపోవడం అందరం చూసిందే. మాలిక్ బుర్రలో ఆ రెండూ అతుక్కున్నాయి. అతుక్కుంటే ఊడవు.

"సిద్దికా! మందు కొట్టిన పత్తి తెచ్చి నా ఇంట్లోకి ఊదుతోందని చెప్పవే ఆవిడకి! నా రొయ్యని చంపేసింది!"

"రొయ్య పోయినందుకు ఏడుస్తున్నాడా?" వసారాలోంచి సర్దార్‌బీ నవ్వింది. "ఎన్ని రొయ్యలు వేపుడు చేయించుకు తిన్నాడే మీ ఆయన, వాటికెవరు ఏడ్చారు?"

ఆ నవ్వే కొంప ముంచింది. నవ్వకుండా ఉంటే అక్కడితో ఆగేదేమో. మాలిక్ తిన్నగా బుల్లయ్య గారి టీకొట్టుకి వెళ్లి, నలుగురి మధ్యలో నిలబడి, సర్దార్‌బీ దూదిలో పురుగుమందు ఉందని చెప్పాడు. నత్తలు చచ్చినై, రొయ్య చచ్చింది, ఇంకేం రుజువు కావాలన్నాడు. ఆ మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీకి వెళ్లి హమాలీలకీ అదే చెప్పాడు. ఎవడో ఫోన్లో తొట్టె ఫొటో పెట్టి పంపాడు. ఇంక మాట ఆగుతుందా? నీళ్లలో పడిన నూగుకే రొయ్య చస్తే, దాని మీద పడుకునే పసిపిల్ల సంగతేంటి అన్నారు.

మూడోనాడు పున్నమ్మ గారు వచ్చారు. మా చర్చిలో సండేస్కూలు చెప్పే పెద్దామె. కూతురు మహిమ బాలింత. మనవరాలికని చిన్న పరుపు, రెండు దిండ్లు చెప్పి ఉంది. సర్దార్‌బీ అవి అప్పటికే కుట్టి, నీలం అంచు కూడా వేసింది.

"అది... వద్దులే సర్దార్‌బీ," అంది పున్నమ్మ గారు మెట్టు ఎక్కకుండానే.

"ఎందుకొద్దు?"

"మా అల్లుడు ఒప్పుకోటల్లా. ఫోము పరుపు కొంటాడంట."

"అల్లుడు ఒప్పుకోటల్లేదా, రొయ్య ఒప్పుకోటల్లేదా? నిజం చెప్పండి."

పున్నమ్మ గారు తల దించుకుని వెళ్లిపోయింది. ఆ వారంలోనే ఇంకో ఆరిళ్ల వాళ్లు వద్దన్నారు. ఒకావిడ, పాపం మర్యాదస్తురాలు, పోయినేడు తీసుకున్న దిండు కూడా తెచ్చి వసారాలో పెట్టి వెళ్లింది. మిషను మోగడం ఆగిపోయింది. మిషను ఆగాక చూడండి, ఆ ఇల్లు ఎంత భయంగా ఉండేదో. పొద్దున్నే ఆ మోత వినకపోతే మా సందులో ఎవరికీ తెల్లారినట్టు ఉండదు.

శుక్రవారం నమాజు అయ్యి మగవాళ్లు తిరిగి వస్తున్నారు. సర్దార్‌బీ వసారా మెట్టు మీద నిలబడింది, కొంగులో ఇంత దూది పెట్టుకుని. తమ్ముడు దగ్గరికి వచ్చేదాకా ఆగింది. నాలుగేళ్ల తర్వాత మొదటిసారి మొహంలోకి చూసి పిలిచింది.

"ఒరేయ్ మాలిక్!"

మాలిక్ ఉలిక్కిపడ్డాడు. సిద్దికా కోసం చూశాడు. సిద్దికా లేదు.

"ఇందులో మందుందన్నావుగా. ఇదుగో చూడు." గుప్పెడు దూది నోట్లో కుక్కుకుంది. నమిలింది. దూది నమలడం తేలిక కాదు, నోరంతా ఎండిపోయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా నమిలి మింగింది. ఇంకో గుప్పెడు తీసింది. "రొయ్య ఎన్నాళ్లకి చచ్చింది? ఆరు రోజులకేగా? నేనూ ఆరు రోజులు తింటా. చస్తే నువ్వు గెలిచినట్టు. చావకపోతే నా ఏడిళ్ల బేరం నువ్వే తెచ్చిపెట్టాలి."

"నీకు పిచ్చి పట్టింది. దిగు కిందికి."

"పట్టుద్ది. నలభై ఏళ్ల నుంచి నాన్న పేరు చెప్పుకుని ఈ పని చేస్తున్నా. ఒక్క పిల్లకి జలుబు చేసిందా నా పరుపు మీద? నాన్న పేరుకి మందు పూశావు కదరా, వెధవా!"

"నీళ్లలో దూది నేను చూశా! నాకు తెలుసు!"

"నీకు తెలుసు, నీకు తెలుసు! నీ మొహం తెలుసు!"

బుల్లయ్య గారు మధ్యలోకి వచ్చి ఇద్దరినీ లోపలికి తోశాడు. సర్దార్‌బీ మాత్రం అన్నంత పనీ చేసింది. ప్రతిరోజూ అదే వేళకి మెట్టు మీద నిలబడి, చూసేవాళ్లుంటే చాలు, ఇంత దూది తినేది. మూడో రోజుకి కడుపు నొప్పి పట్టుకుంది. సిద్దికా చాటుగా మజ్జిగ తెచ్చి ఇచ్చేది. "మందు కాదే, గట్టి దూది, అరగట్లేదు," అని తిట్టుకుంటూ తాగేది.

సిద్దికా ఇంక ఆగలేక మొగుడికి చెప్పకుండా భానుశ్రీకి ఫోన్ చేసింది. ఆ పిల్ల మర్నాడు పొద్దున్నే వచ్చింది. తొట్టె ముందు కూర్చుని ఏమేం చచ్చాయో, ఏ వరసలో చచ్చాయో అడిగింది.

"చేపలు బానే ఉన్నాయి. నత్తలూ రొయ్యా పోయాయి. పువ్వు ముడుచుకుంది..." లేచి వెనక అరలోకి తొంగి చూసింది. టార్చి వేసింది. తళతళలాడిన గొట్టం మీద అక్కడక్కడా ఆకుపచ్చ చిలుము. "బాబాయ్ గారూ! ఇదెవరు పెట్టారు?"

"నేనే. ఫస్ట్ క్లాస్ రాగి."

"రాగా? ఉప్పునీళ్లలో రాగి పెట్టారా? అది నీళ్లలోకి కరిగి దిగుద్ది బాబాయ్ గారూ. చేపలు కొన్నాళ్లు తట్టుకుంటాయి. నత్తకీ రొయ్యకీ పగడానికీ పువ్వుకీ అది విషమే. కొనే మిషన్లలో రాగి నీళ్లకి తగలదు. నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా!"

"మరి దూది?"

"దూది పడితే మోటారు జామవుద్ది. ప్రాణం పోదు."

మాలిక్ వెళ్లి కంప్రెసరు స్విచ్ ఆపేశాడు. వసారాకీ ఆ గదికీ మధ్య గోడ ఇటుక మందమే. అవతల సర్దార్‌బీ చెవి ఎక్కడుందో మేం ఎవరం చూడలేదు గానీ, ఒక్క మాట కూడా ఆమె పోగొట్టుకోలేదు.

పువ్వులో ఇంకా ప్రాణం ఉందంది భానుశ్రీ. ఈ రాళ్లూ ఇసకా రాగి పీల్చేసుకున్నాయి కాబట్టి ఈ తొట్టెలో ఇంక బతకదు. తన ఇంట్లో డాక్టరు గారు వదిలేసిన చిన్న తొట్టె ఉంది, దాని నీళ్లు శుభ్రం. ఎండ ముదిరేలోగా అందులోకి చేర్చాలి. కొత్త ఉప్పునీళ్లు కలిపి, పువ్వుని చిన్న బకెట్లోకి తీశారు. మాలిక్ బకెట్ రెండు చేతులా పట్టుకుని గబగబా వసారాలోకి వచ్చాడు.

వసారా గుమ్మానికి అడ్డంగా పత్తి కుక్కిన గోనె బోరేలు. నడుమెత్తు. వాటి మీద సర్దార్‌బీ, కాళ్లు చాపుకుని.

"జరుగు."

"జరగను."

"అక్కా, ఇది చచ్చిపోద్ది."

"నా బేరం కూడా చచ్చింది. అది చచ్చినప్పుడు నువ్వు టీ తాగుతున్నావు."

బకెట్లో నీళ్లు చిన్నగా ఊగుతున్నాయి. లోపల పువ్వు, చీమిడి ముద్దలా. పది గంటల ఎండ వసారా మెట్టు ఎక్కింది.

"ఏం కావాలి నీకు?"

"ఏం చంపిందో చెప్పు."

"నీకు వినపడిందిగా!"

"నాకు వినపడితే నాకేం లాభం? ఏడిళ్లకి వినపడాలి. ప్రతి గుమ్మం ముందూ నువ్వు నిలబడి, నీ నోటితో, సిద్దికా నోటితో కాదు, 'మా అక్క దూదిలో ఏం లేదు, నేను పెట్టిన రాగి చంపింది' అని చెప్పాలి. టీకొట్టు దగ్గర చెప్పాలి. నువ్వు పనిచేసే కాడ చెప్పాలి."

"ఇళ్లకి వస్తా. టీకొట్టుకీ వస్తా. స్టోరేజీలో మాత్రం చెప్పను."

"అయితే ఇక్కడే నిలబడు."

సిద్దికా నాతో తర్వాత చెప్పింది, అతను స్టోరేజీ దగ్గరే ఎందుకు మొండికేశాడో. కోల్డ్ స్టోరేజీల్లో చలి పుట్టించేది అమ్మోనియా. అమ్మోనియాకీ రాగికీ పడదు, గొట్టాన్ని తినేస్తుంది. ముప్పై ఏళ్లుగా కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజు మాలిక్ చెప్పే మొదటి పాఠం అదే: ఈ లైన్ల మీద రాగి ముక్క కనపడకూడదు, ఇత్తడి వాల్వు కూడా కనపడకూడదు, కనపడితే నాలుగు తంతా. రాగి ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో నా అంత తెలిసినవాడు జిల్లాలో లేడని చెప్పుకున్న మనిషి. ఇప్పుడు వాళ్ల ముందే పోయి...

భానుశ్రీ బకెట్లో వేలు ముంచి చూసింది. "వేడెక్కుతోంది బాబాయ్ గారూ."

మాలిక్ పళ్లు కొరికాడు. ఉన్నవాటితో.

"వస్తానే! వస్తా! చెప్తా! జరుగు!"

"అమ్మ మీద ఒట్టు?"

"ఒట్టు! నీ దుంపతెగ!"

సర్దార్‌బీ దిగి, ఒక్క బోరే మాత్రం పక్కకి జరిపింది. ఆ సందులోంచి మాలిక్ బకెట్ ఎత్తిపట్టుకుని పక్కవాటంగా దూరాడు.

పువ్వు బతికింది. పది పన్నెండు రోజులకి భానుశ్రీ ఇంట్లో వేళ్లు విప్పుకుంది. మాలిక్ దగ్గర మాత్రం రాళ్లు, రెండు చేపలు మిగిలాయి.

పువ్వుని తరలించిన సాయంత్రమే మాట ప్రకారం అక్కాతమ్ముళ్లు బయల్దేరారు. ఆటో మాట్లాడింది సర్దార్‌బీ. వెనక సీట్లో ఆమె ఈ చివర, అతను ఆ చివర. ప్రతి ఇంటి ముందూ ఆమె ఆటో దిగకుండా కూర్చుంది. అతను దిగి, తలుపు కొట్టి, చెప్పాడు. మొదటి ఇంట్లో గొణిగాడు.

"వాళ్లకి వినపళ్లా," అంది ఆటోలోంచి. మళ్లీ చెప్పాడు, అరిచి.

అయిదిళ్ల వాళ్లు అయ్యో అన్నారు, మళ్లీ కుట్టమన్నారు. దిండు వెనక్కి ఇచ్చినావిడ సిగ్గుపడి రేపే వచ్చి తీసుకుంటానంది. పున్నమ్మ గారు గుమ్మంలోకి వచ్చి అంతా విని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అట్టాగా నాయనా. కానీ మా అల్లుడు ఫోము పరుపు కొనేశాడుగా. పిల్ల దాని మీదే పడుకుంటోంది."

మాలిక్ ఆటో వైపు తిరిగి చూశాడు. సర్దార్‌బీ మొహం తిప్పుకుంది. నీలం అంచు వేసిన పరుపు ఇంట్లో ఉంది. ఆ కొలతకి ఇంకో పిల్ల పుట్టాలి.

"పోనివ్వు," అంది ఆటో అతనితో. "స్టోరేజీకి."

బుల్లయ్య గారి కొట్టు దగ్గర ఆగి చెప్పించింది. అక్కడ నవ్వినవాళ్లు తక్కువే, ఇద్దరినీ చూసి భయపడ్డారు. కోల్డ్ స్టోరేజీ చేరేసరికి ఆరు దాటింది. షిఫ్టు మారే వేళ. గేటు లోపల షెడ్డు కింద ఇరవై ముప్పై మంది హమాలీలు టిక్కీల మీద, అంటే కాయ బస్తాల మీద, కూర్చుని టీ తాగుతున్నారు. గాలంతా ఘాటు. సర్దార్‌బీ ఆటోలోనే కూర్చుని కొంగుతో ముక్కు మూసుకుని దగ్గుతోంది. దగ్గుతూనే చెయ్యి ఊపింది, పో అని.

మాలిక్ లోపలికి వెళ్లి షెడ్డు మధ్యలో నిలబడ్డాడు.

"ఒరేయ్, వినండి. ఆ రోజు నేను చెప్పింది తప్పు. మా అక్క పత్తిలో మందు లేదు. నేనే ఆ నీళ్లలో రాగి గొట్టం పెట్టా. దానికే చచ్చినై."

 వెనక నుంచి ఒకడు అందుకున్నాడు:

"మేస్త్రీ, రాగి ముక్క కనపడితే నాలుగు తంతానన్నావు కదా. ఇప్పుడు నిన్నెవరు తన్నాలి?"

ఇంక షెడ్డు మొత్తం పేలింది. టీ గ్లాసులు ఒలికాయి. ఒకడు బస్తా మీద నుంచి జారి కిందపడి కూడా నవ్వుతున్నాడు. "రాగి మేస్త్రీ!" అని ఎవడో కేక వేశాడు. ఆ పేరు అతుక్కుంది. ఇప్పటికీ అక్కడ అదే పేరు. మాలిక్ అందరినీ అమ్మలక్కలతో సహా తిట్టి, గేటు వైపు నడిచాడు.

గేటు బయట ఆటో లేదు.

కాపలా అతను స్టూలు మీద నుంచి లేచాడు. "లోపల నవ్వు వినపడగానే మీ అక్కగారు ఆటో తిప్పించారు మేస్త్రీ. చాల్లే, పదమన్నారు."

"నాకేమైనా చెప్పిందా?"

"నడిచి రమ్మన్నారు."

అక్కడి నుంచి పాతగుంటూరుకి ఏడు కిలోమీటర్లు. మే నెల. పొద్దు వాలినా రోడ్డు ఇంకా సెగలు కక్కుతోంది. లిఫ్టు అడగడానికి అతనికి నోరు రాలేదు. అటు పోయే బళ్లన్నీ స్టోరేజీ వాళ్లవే.